పనిముట్టుపై పన్ను – పన్నులో పనిముట్టు

వడ్రంగికి బాడిస, కమ్మరికి సుత్తి, కుమ్మరికి సారె, నేతపనివానికి మగ్గము, క్షురకునికి కత్తి – ఇవి మన గ్రామములలో తరతరములుగ ఇంటిలోనే వెలసి, ఇంటిలోనే అరిగిన వస్తువులు. వీనిని మనము పనిముట్లందుము. నేటి గృహములలో ఈ జాబితాకు మరికొన్ని చేరినవి. కుట్టుమిషను, కెమెరా, మోటారు సైకిలు, కంప్యూటరు, న్యాయవాది పుస్తకముల బీరువా, వైద్యుని స్టెతస్కోపు – ఇవన్నియు పనిముట్లే. ఇంటి అవసరమునకు కొన్న వస్తువును ఒకనాడు యజమాని తన స్వంత వృత్తిలో ప్రవేశపెట్టి, దానితో నాలుగు డబ్బులు ఆర్జింపసాగెననుకొందము. ఆ ఆర్జనపై పన్ను లెక్కించునప్పుడు వస్తువు అరుగుదలను తీసివేసికొనుటకు అతనికి హక్కు కలదా? కలదని చట్టము చెప్పుచున్నది.

ఈ చిన్న హక్కు వెనుక ఒక పెద్ద చరిత్ర యున్నది. ఒకప్పుడు ప్రభుత్వము పనిముట్టునే లెక్కపెట్టి దానిపై పన్ను విధించెడిది. నేడు పనిముట్టు అరుగుదలను లెక్కపెట్టి పన్నులో తగ్గింపు నొసగుచున్నది. ఈ రెండు లెక్కలకు నడుమ కొన్ని శతాబ్దములు గడచినవి. ఆ మార్పు ఎట్లు వచ్చినది, అది ఎవరికి చేరినది, ఎవరికి చేరలేదు అను సంగతులను శ్రోతలకు క్రమముగ వివరించుట మా ఉద్దేశము.

ప్రాచీన ధర్మశాస్త్రములు చేతిపనులవారినుండి ధనమును గాక శ్రమను కోరినవి. శిల్పులచేతను, కాయకష్టముచే జీవించువారిచేతను రాజు నెలకొక దినము పని చేయించుకొనవలెనని మనుస్మృతి ఏడవ అధ్యాయము విధించినది. అందు పనిముట్టు ప్రసక్తి లేదు. పనివాడు తన ఉలితో, తన సుత్తితో రాజుగారి పని చేసి, వానిని చంకనిడుకొని ఇంటికి పోయెడివాడు. కాలక్రమమున నాణెముల చెలామణి హెచ్చినది. సంతలు, పేటలు వృద్ధినొందినవి. పన్ను ధనరూపమును ధరించినది. అప్పుడు అధికారులకొక చిక్కు వచ్చినది. రైతు పంట కళ్లమున కనబడును. వర్తకుని సరకు సుంకపు ఠాణావద్ద కనబడును. చేతివృత్తివాని ఆదాయము మాత్రము ఎక్కడను కనబడదు. అతనికి ఖాతాపుస్తకము లేదు. ఆర్జించినది ఆనాడే తినుచుండును. కంటికి కనబడునది అతని పనిముట్టొక్కటే. కావున అధికారులు ఆదాయమునకు మారుగ పనిముట్టును లెక్కింప నారంభించిరి.

విజయనగర కాలపు శాసనములు ఈ పద్ధతికి సాక్ష్యము పలుకుచున్నవి. కన్నడ శాసనములలో కానవచ్చు ‘మగ్గదెరె’ మగ్గముపై పన్ను. ‘గాణదెరె’ గానుగపై పన్ను. ఇట్లే కుమ్మరులు, చాకలులు, కంసాలులు, క్షురకులు మొదలగు వృత్తులవారిపై వేరువేరు పన్నులుండెను. ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. మగ్గము నేతపనివాని ఇంటిలోనే యుండును. గుంటమగ్గమైనచో ఇంటి నేలలోనే దానికి గొయ్యి యుండును. ఇల్లాలు నూలు వడకుట, పిల్లలు కండెలు చుట్టుట, యజమాని నేయుట – అంతయు ఒకే కప్పు క్రింద సాగును. ఇంటి సామగ్రి యేది, వృత్తి సామగ్రి యేది అను విభజన ఆ సంసారమునకు తెలియదు. ఆ విభజనతో ప్రభుత్వమునకును పని లేకపోయెను. మగ్గము కనబడినది, లెక్కకు వచ్చినది, అంతే.

అట్టి కాలమున ఒక వృత్తివారికి లభించిన ఊరట చరిత్రలో ప్రత్యేకముగ నిలిచినది. సదాశివరాయలు సింహాసనమున నుండగా రాజ్యభారమును వహించిన అళియ రామరాయలను, కొండోజు అను క్షురకుడు తన పనితనముచే మెప్పించెను. ఆ మెప్పునకు ఫలముగ అతడు కోరినది తన యొక్కనికి సంబంధించినది కాదు. తన వృత్తివారందరిపైన నున్న పన్నులను, వెట్టిచాకిరిని తొలగింపుమని కోరెను. రామరాయలు అంగీకరించెను. 1540ల నుండి ఈ మినహాయింపును ప్రకటించు శాసనములు తెలుగు కన్నడ సీమలలో పలుచోట్ల వెలసినవి. ఒక్క వృత్తివారికి కలిగిన ఊరటను ఇన్ని ఊళ్లలో రాతిపై చెక్కించుట ఊరకే జరుగలేదు. ఆజ్ఞ రాజధానిలో వెలువడినను, ఊరి అధికారి దానిని పాటింపవలెనన్నచో రాతిమీద కనబడవలెను. పన్ను మినహాయింపునకు లిఖితపూర్వకమైన ఆధార ముండవలెనను నియమము ఈనాటిది కాదని దీనివలన తెలియుచున్నది.

విజయనగరము 1565లో పతనమైనది. అటు పిమ్మట దక్షిణాపథమున మహమ్మదీయ ప్రభువుల పాలనలో రెవెన్యూ పరిభాష మారినది. అరబ్బీ భాషలో వృత్తిని అవలంబించినవానిని ‘ముహతరిఫ్’ అందురు. ఆ మాటనుండి ‘మొహతర్ఫా’ అను పన్ను పేరు పుట్టినది. వృత్తులు, వ్యాపారములు, మగ్గములు, అంగళ్లు, కొన్నిచోట్ల ఇండ్లు సైతము ఈ పన్ను క్రిందికి వచ్చెను. తెలుగు జిల్లాలలో దీనికి తోడుగ వర్తకులపై ‘వీసబడి’ అను పన్ను కూడ నుండెను. వీసమనగా పదునారవ వంతు. మొత్తమును వంతులుగ పంచుకొని చెల్లించుటనుబట్టి ఆ పేరు వచ్చినది. ఈస్టిండియా కంపెనీవారు 1760లలో ఉత్తర సర్కారులను, 1800లో దత్తమండలమును పొందినప్పుడు ఈ పన్నులను కూడ వారసత్వముగ పొందిరి. భూమిశిస్తు విధానమును పలుమార్లు మార్చిన కంపెనీవారు మొహతర్ఫాను మాత్రము అర్ధశతాబ్దమునకు మించి కొనసాగించిరి.

ఆ కాలము మన చేతివృత్తులకు గడ్డుకాలము. లాంకషైరు మిల్లుల బట్ట మన సంతలలోనికి వచ్చి పడుచుండెను. ఆ బట్టతో పోటీపడవలసిన నేతపనివాడు తన మగ్గమునకు పన్ను కట్టి, ఆపైన నేయవలసియుండెను. “కుమ్మరికొక యేడు, గుదియకొక పెట్టు” అని మనవారందురు. ఏడాది కష్టమును ఒక్క దెబ్బతో పోగొట్టుటకు కరవే రానక్కరలేదు. పన్ను గుమాస్తా వచ్చినను చాలును.

ఈ అన్యాయమును బ్రిటిషు పార్లమెంటు దృష్టికి తీసికొనిపోయిన ఘనత ఒక తెలుగువానికి దక్కినది. చెన్నపట్టణమున వర్తకుడైన గాజుల లక్ష్మీనరసుసెట్టి 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించెను. కంపెనీ పట్టాను పొడిగించు విషయమును పార్లమెంటు విచారింపనున్న సమయమది. ఆ సంఘమువారు పార్లమెంటునకు పంపిన అర్జీలో మొహతర్ఫాను ప్రత్యేకముగ విమర్శించిరి. నేతపనివారు, వడ్రంగులు, లోహపు పనివారు, బాటప్రక్కన అమ్ముకొనువారు – అందరును ఈ పన్నుకు లోబడియుండిరనియు, అత్యల్పమైన వెలగల పనిముట్టును కూడ ఇది విడువలేదనియు, పెక్కుసారులు పన్ను మొత్తము పనిముట్టు వెలకు ఆరు రెట్లు మించుచుండెననియు వారు వ్రాసిరి. ఆరు రెట్లు! ఒక రూపాయి రంపముతో కోయుటకు అనుమతి పొందవలెనన్న ఆరు రూపాయలకు మించి చెల్లింపవలెనన్నమాట. రంపము వడ్రంగిది, దానిని వాడుకొను హక్కు మాత్రము సర్కారుది.

బొంబాయి రాజధానిలో ఇట్టి వృత్తిపన్నులను 1844లోనే ఒక శాసనముచే తొలగించిరి. మద్రాసు రాజధాని మాత్రము ఇంకను వేచియుండవలసివచ్చెను. 1857 తిరుగుబాటు పిమ్మట ప్రభుత్వ ఖజానా అప్పులలో మునిగెను. ఆ లోటును పూడ్చుటకు లండనునుండి వచ్చిన ఆర్థికసభ్యుడు జేమ్స్ విల్సన్ 1860లో భారతదేశమున మొట్టమొదటి ఆదాయపు పన్నును ప్రవేశపెట్టెను. ఏటికి 200 రూపాయలనుండి 500 లోపు ఆదాయము గలవారు నూటికి 2, ఆపైవారు నూటికి 4 చొప్పున చెల్లింపవలెను. అప్పటి మద్రాసు గవర్నరు సర్ చార్లెస్ ట్రెవెల్యన్ ఈ పన్నును బహిరంగముగ వ్యతిరేకించి, ఆ కారణమున పదవినే కోల్పోయెను. విల్సన్ కూడ ఆ సంవత్సరమే ఆగస్టులో కలకత్తాలో మరణించెను. పన్ను మాత్రము నిలిచినది. నడుమ కొన్ని పర్యాయములు తొలగింపబడినను, లైసెన్సు పన్ను మొదలగు మారుపేర్లతో వచ్చినను, 1886 శాసనముతో స్థిరపడినది. ఆదాయపు పన్ను రాకతో మొహతర్ఫాకు కాలము చెల్లినది.

ఈ మార్పును కేవలము ఒక పన్ను పోయి మరియొకటి వచ్చినట్లు చూచుట చాలదని మా అభిప్రాయము. మూలసూత్రమే మారినది. మొహతర్ఫా “నీవద్ద ఏమున్నది?” అని అడిగెను. ఆదాయపు పన్ను “నీకేమి మిగిలినది?” అని అడుగును. మొదటి ప్రశ్నకు జవాబు చూపుడువ్రేలితో చెప్పవచ్చును. రెండవదానికి లెక్క వ్రాయవలెను. మిగిలినదెంత అని తేల్చవలెనన్న ఖర్చయినదెంత అని ముందు తేల్చవలెను కదా! నూలు వెల ఖర్చు, కూలి ఖర్చు, దీపపు నూనె ఖర్చు. వీనిని ఎవరైనను ఒప్పుకొందురు. మరి మగ్గము? దానిని ఒకసారి కొని పది పదునైదేండ్లు వాడుదుము. కొన్న ఏటనే వెలయంతయు ఖర్చని వ్రాయుట సబబు కాదు. ఏనాడును ఖర్చు కాదనుటయు సబబు కాదు. ఏలయన మగ్గము అరుగుచునే యున్నది. ఏటేట అరిగిన భాగమును ఆ యేటి ఖర్చుగ లెక్కించుట న్యాయము. దీనికే తరుగుదల యని పేరు.

చెప్పుటకు ఇంత సులువైన ఈ న్యాయము శాసనమున కెక్కుటకు చాలకాలము పట్టినది. మన ఆదాయపు పన్నుకు మాతృకయైన ఇంగ్లండులో పిట్టు ప్రధానమంత్రి 1799లో ఆ పన్నును ప్రవేశపెట్టెను; పీలు 1842లో పునరుద్ధరించెను. యంత్రములు, పరికరముల అరుగుదలకు తగ్గింపు నొసగవలెనని అచ్చటి చట్టము చెప్పినది 1878లో. పారిశ్రామిక విప్లవమునకు పుట్టినిల్లయిన దేశమే యంత్రము అరుగునని పన్ను చట్టమున ఒప్పుకొనుటకు దాదాపు ఎనుబది యేండ్లు తీసికొన్నది.

ఒప్పుకొన్న పిమ్మట మరియొక ప్రశ్న పుట్టినది. పరికరమనగా ఏది? ఆంగ్ల చట్టమున దీనికి వాడిన మాట ‘ప్లాంటు’. ఈ మాటకు అర్థము చెప్పిన ప్రసిద్ధమైన తీర్పు పన్ను వ్యాజ్యములో వచ్చినది కాదు. ఒక గుఱ్ఱము తన్నిన వ్యాజ్యములో వచ్చినది. రేవువద్ద సరకు మోయు బండికి కట్టిన పొగరుబోతు గుఱ్ఱము బండివానిని తన్ని అతని కాలు విరుగగొట్టెను. యజమాని ‘ప్లాంటు’లో లోపమువలన పనివానికి దెబ్బ తగిలినచో పరిహార మీయవలెనని 1880 నాటి చట్టము. గుఱ్ఱము ప్లాంటగునా? 1887లో యార్మత్ వర్సెస్ ఫ్రాన్స్ అను ఆ వ్యాజ్యమున, అగునని న్యాయస్థానము తీర్పు చెప్పెను. అమ్ముటకుంచిన సరకు కాక, వ్యాపారము సాగించుటకై వ్యాపారి నిలకడగ వాడుకొను సాధనమేదైనను, అది కదలునదైనను కదలనిదైనను, ప్రాణము గలదైనను లేనిదైనను, ప్లాంటే యని న్యాయమూర్తి లిండ్లీ వివరించెను. ఆ గుఱ్ఱము తన్నిన తన్ను పన్ను చట్టముపై నేటికిని పనిచేయుచున్నది.

అయినను పుస్తకములవద్ద ఇంగ్లండు తటపటాయించినది. ఒక సొలిసిటరు తన న్యాయగ్రంథములకు తరుగుదల కోరగా, అవి ప్లాంటు కావని 1926లో తీర్పు వచ్చెను. చెప్పుల కర్మాగారపు కత్తులు, అచ్చులు ప్లాంటేనని అచ్చటి ప్రభువుల సభ 1959లో ఒప్పుకొన్నది. చివరకు 1977లో, క్రొత్తగ వృత్తి ప్రారంభించిన ఒక బారిస్టరు పుస్తకములును ప్లాంటేయని అప్పీలు న్యాయస్థానము తేల్చినది. చెప్పులు కుట్టించువాని కత్తికి దక్కిన గౌరవము న్యాయవాది గ్రంథమునకు దక్కుటకు మరి పదునెనిమిదేండ్లు పట్టినది.

ఈ విషయమున మన దేశము ముందడుగు వేసినది. 1918 చట్టము, ఆ తరువాత 1922 చట్టము తరుగుదలకు స్థానము కల్పించినవి. 1939 సవరణతో, కొన్న వెలపై ఏటేట ఒకే మొత్తమును తీయు పద్ధతికి బదులు, మిగిలిన విలువపై వంతును తీయు పద్ధతి వచ్చినది. అంతేకాదు, వాహనములు, పుస్తకములు, శాస్త్రపరికరములు, శస్త్రచికిత్స సాధనములు ప్లాంటులో చేరునని 1922 చట్టమే నిర్వచించినది. పుస్తకములకై ఇంగ్లండు న్యాయవాదులు వాదించుచుండగా, మన న్యాయవాదులకు ఆ హక్కు చట్టములోనే యుండెను. 1961 చట్టమును ఈ నిర్వచనమును నిలుపుకొన్నది.

ఈ నిర్వచనముపై వచ్చిన ఒక ముఖ్యమైన తీర్పు మన ప్రాంతమునకు చెందినది. నైజాము రాష్ట్రమున 1950 వరకు భారత ఆదాయపు పన్ను చట్టము వర్తింపలేదు. ఆ సంవత్సరమునుండి హైదరాబాదు సికిందరాబాదు నగరముల వ్యాపారులు 1922 చట్టము క్రిందికి వచ్చిరి. సికిందరాబాదు తాజ్‌మహల్ హోటలువారు తమ గదులలో అమర్చిన నీటిగొట్టములు, స్నానపుగది సామగ్రి ప్లాంటు క్రిందికి వచ్చునని చెప్పి, అభివృద్ధి తగ్గింపును కోరిరి. పన్ను శాఖవారు కాదనిరి. వ్యాజ్యము ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మీదుగ సుప్రీంకోర్టునకు చేరినది. పుస్తకములనే ప్లాంటనిన చట్టము ఆ మాటకు విశాలమైన అర్థము నుద్దేశించినదనియు, హోటలు నడుపుటకు ఆ సామగ్రి అవసరమైన సాధనమనియు 1971 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ తీర్పున 1887 నాటి గుఱ్ఱపు వ్యాజ్యము కూడ ప్రస్తావింపబడినది.

ఇక మనము మొదట వేసికొన్న ప్రశ్నకు వత్తము. ఇంటి వస్తువు వృత్తి వస్తువగుట ఎట్లు? మొహతర్ఫా కాలమున అక్కరలేకపోయిన విభజన ఇప్పుడు అక్కరకు వచ్చినది. ఇంటిలో వాడిన వస్తువు అరుగుదల ఇంటి ఖర్చు; దానికి పన్నులో చోటు లేదు. వృత్తిలో వాడిన వస్తువు అరుగుదల వృత్తి ఖర్చు, దానికి చోటున్నది. రెండింటికిని వాడిన వస్తువుకు న్యాయమైన వంతును మాత్రమే లెక్కింపవలెనని 1961 చట్టపు 38వ సెక్షను చెప్పినది.

ఒక ఉదాహరణ చెప్పుదుము. వృత్తికై ఒక కుట్టుమిషనును 10,000 రూపాయలకు కొన్నారనుకొందము. 1961 చట్టము క్రింది నియమములలో సాధారణ యంత్రపరికరములకు తరుగుదల నూటికి 15. మొదటి యేట 1,500 రూపాయలు పోగా 8,500 మిగులును. రెండవ యేట ఆ 8,500పై 1,275 పోగా 7,225 మిగులును. ఇట్లు ఏటేట తగ్గుచు పోవును. కొన్న యేట 180 దినములకు తక్కువగ వాడినచో ఆ యేటికి సగమే. మిషనుపై సగము పని ఇంటిదైనచో మొదటి యేటి 1,500లో న్యాయమైన వంతు 750. ఇంకొక సంగతి మరువరాదు. ఈ 1,500 సర్కారు చేతికిచ్చు సొమ్ము కాదు. ఆదాయమునుండి తీసివేయు అంకె. నూటికి 20 వంతున పన్ను కట్టువారికి దీనివలన కలుగు ఆదా 300 రూపాయలు. పన్నే లేనివారికి సున్న.

పై లెక్క వృత్తికై కొన్న వస్తువునకు సరిపోయినది. అదే మిషను నాలుగేండ్లు ఇంటిలో వాడి, ఐదవ యేట వృత్తిలో పెట్టినచో లెక్క ఎక్కడ మొదలు పెట్టవలెను? ఇక్కడ దేశములు భిన్నమార్గములు పట్టినవి. ఇంగ్లండులో 2001 నాటి చట్టము ప్రకారము, వృత్తిలో ప్రవేశపెట్టిన నాటి అంగడి వెలను గ్రహింపవలెను. అది కొన్న వెలను మించరాదు. మన 1961 చట్టము భవనముల విషయమున మాత్రము స్పష్టముగ మాటాడినది. స్వంత భవనమును తరువాత వృత్తికి మార్చినచో, కొన్ననాటినుండియు వృత్తిలోనే యున్నదని భావించి, ఆ యేండ్ల తరుగుదలను వెలలోనుండి తగ్గింపవలెనన్నది. యంత్రములు, పరికరముల విషయమున అట్టి వివరణను వ్రాయలేదు. వాస్తవపు వెల, వాస్తవముగ అనుమతింపబడిన తరుగుదల అను మాటలతో విడిచినది. ఇంటిలో గడచిన యేండ్లకు తరుగుదలను ఎవరును కోరలేదు, ఎవరును అనుమతింపలేదు కదా యని ఒక వాదము. నాలుగేండ్లు అరిగిన వస్తువుకు క్రొత్తదాని వెల కట్టుట తగునాయని రెండవ వాదము. ఇట్టిచోట గృహస్థు తెలిసిన ఆడిటరును సంప్రదించుట మేలు.

ఏ వాదమునకైనను మూలము ఒక్కటే – కొన్ననాటి రసీదు. కొండోజు కాలమున ఊరట రాతిపై నుండెను. మన కాలమున కాగితముపై నున్నది. ఏనాడు కొంటిమి, ఎంతకు కొంటిమి, ఏనాడు వృత్తిలో పెట్టితిమి అను మూడు సంగతులు వ్రాసియుంచుకొనినవారి హక్కు నిలుచును. 2017లో చేసిన సవరణ ప్రకారము, ఒక దినమున ఒకరికి 10,000 రూపాయలకు మించి రొక్కముగ చెల్లించి కొన్న వస్తువు విషయమున ఆ మొత్తము వెలలో చేరదు. కావున చెల్లింపు చేసిన విధమును కూడ మరువరాదు. 2025లో పార్లమెంటు క్రొత్త ఆదాయపు పన్ను చట్టమును ఆమోదించి, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగ నిర్ణయించినది. సెక్షనుల అంకెలు మారినను తరుగుదల సూత్రమును అది విడువలేదు.

ఇంతవరకు చెప్పినది ఊరట కథ. ఇందు చేరనివారి కథయు కలదు. 2016లో వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు మొదలగు వృత్తులవారికి లెక్కల బాధ తగ్గించుటకు ఒక సులభమార్గ మేర్పడినది. నిర్ణీత పరిమితికి లోబడిన రాబడిలో సగమును ఆదాయముగ చూపినచో చాలును. విపులమైన ఖాతాలు అక్కరలేదు. ఆ మార్గమున పోవువారికి తరుగుదల అందులోనే ఇమిడినట్లు భావింపబడును, వేరుగ కోరరాదు. అది తమకు లాభమో, లెక్కలు వ్రాయుట లాభమో ఎవరికి వారు తూచుకొనవలెను. ఇక పన్ను పరిమితికి లోబడిన ఆదాయమైనను లేని చేతివృత్తివానికి ఈ రెండు మార్గములును ఉపకరింపవు. అతని మగ్గము అరుగుచునే యుండును. ఆ అరుగుదలను వ్రాయుటకు అతనికి పుస్తకము లేదు, తీసివేయుటకు పన్ను లేదు.

అయినను చట్టము అతనిని పూర్తిగ మరువలేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను, అప్పు తీర్చలేనివాని ఆస్తిని జప్తుచేయునప్పుడు చేతివృత్తివాని పనిముట్లను, రైతు సేద్యపు పనిముట్లను తాకరాదని శాసించినది. స్వాతంత్ర్యానంతరము 1953లో పార్లమెంటు మిల్లు బట్టపై అదనపు సుంకము విధించి, ఆ సొమ్మును ఖద్దరు, చేనేత పరిశ్రమల అభివృద్ధికి కేటాయించినది. నూరేండ్ల క్రిందట మగ్గము పన్ను కట్టి మిల్లు బట్టతో పోరాడినది. ఇప్పుడు మిల్లు బట్ట పన్ను కట్టి మగ్గమును ఆదుకొన్నది. 1852లో చెన్నపట్టణమునుండి అర్జీ పంపినవారు దీనిని చూచియున్నచో సంతోషించియుందురు.

ఈ చరిత్రవలన మనము గ్రహింపవలసినది ఒక్కటి. పనిముట్టు ఆస్తి కాదు, ఆదాయమును కాదు; అది ఆర్జించు చేతికి పొడిగింపు. దానిపై పన్ను వేయుట చేతిపై పన్ను వేయుటయే. దాని అరుగుదలను లెక్కలోనికి తీసికొనుట చేతి కష్టమును గౌరవించుటయే. ఆ గౌరవము ఒక రాజు దయవలన ఒక వృత్తివారికి లభించిన కాలము గడచినది. నేడది చట్టముచే సంక్రమించిన హక్కు. కాని హక్కు తెలియనివానికి లేనట్లే. మన ఇండ్లలో కుట్టుమిషనుపై నాలుగు జాకెట్లు కుట్టి సంసారమునకు చేయూతనిచ్చు ఇల్లాలును, ఇంటి కంప్యూటరుపై లెక్కలు వ్రాసిపెట్టి జీవించు యువకుడును తాము వృత్తిలోనున్నామని తలపరు. వారి వస్తువు పనిముట్టయిన దినమును గోడమీది పంచాంగముపై గుర్తుపెట్టి, రసీదును ఇనుప పెట్టెలో దాచుకొనుట మేలు. నేడు పన్ను కట్టు స్థితి లేకపోయినను రేపు రావచ్చును. ఆనాడు ఆ కాగితము వారి పక్షమున మాటాడును.